లేరని చెప్పిన మెషిన్

మొన్న మా కోడలు తన ఫోనులో నా పింఛను వివరాలు నింపుతూ ఉంటే, పుట్టిన తేదీ దగ్గర ఎర్ర అక్షరాలు వచ్చి ముందుకు కదలనివ్వలేదు. పద్ధతి మారిందట, ఇకమీదట కొత్త పద్ధతిలో ఇస్తేనే తీసుకుంటుందట. దీని మొహం మండా, నిన్నటిదాకా తీసుకున్నదానికి ఇవాళ ఏం రోగమొచ్చిందని ఆ పిల్ల విసుక్కుంటుంటే, నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. అడిగింది అర్థం కాకపోతే అర్థం కాలేదని మొహాన చెప్పేసే యంత్రమంటే నాకు గౌరవం. అలా చెప్పని యంత్రం దగ్గర నేను ఉద్యోగం చేశాను.

ఎనభైల చివరి మాట. తిరుపతిలో ఒక ఆసుపత్రి కంప్యూటరు గదిలో పనిచేసేదాన్ని. మన తరం వాళ్ళకు ఆ గదులు గుర్తుండే ఉంటాయి, చెప్పులు బయట విడిచి గుళ్ళోకి పోయినట్టు పోవాలి, ఆయుధపూజనాడు దానికీ పసుపు కుంకుమలే, చల్లగాలి కూడా దానికే తప్ప మనకు కాదు. రక్తమిచ్చేవాళ్ళ పేర్లు, ఊళ్ళు అందులో ఎక్కించడం నా పని. కావలసిన గ్రూపును అక్షరాల్లో కొడితే ఆ గ్రూపువాళ్ళ పేర్లు పచ్చగా తెర మీదికొచ్చేవి, అందుకని వార్డు సిస్టర్లు కూడా నేర్చుకుని ఎవరికి కావలసింది వాళ్ళే అడుక్కునేవాళ్ళు. పొరపాటున ఇంకేదైనా కొట్టారో, మెషిన్ కీచుమని అరిచి ఆగిపోయేది. ఆ అరుపు వినబడితే చాలు, పెద్ద డాక్టరుగారు ఊడిపడి, అంత ఖరీదైన వస్తువును నాశనం చేస్తున్నారని అందర్నీ కలిపి ఉతికి ఆరేసేవారు. మాకు మెషిన్ కంటే ఆ అరుపంటేనే భయం.

ఆ రోజు నేను సెలవులో ఉన్నాను. మా అక్కకు తొలికాన్పు, మా ఆసుపత్రిలోనే. పొద్దున వరండాలో మా నాయన పక్కన నగరి నుంచి వచ్చిన నేతపనివాడొకాయన కూర్చుని ఉన్నాడు, ఆయన భార్య కూడా కాన్పుకే వచ్చి కష్టపడుతోంది. ఇద్దరూ ఒకే గ్లాసు కాఫీని రెండుగా చేసుకుని తాగారు. కాసేపటికి ఆయన లోపలికి పోయివచ్చి, ఎవరిని చూసి పెట్టాడో తెలియదు, కంప్యూటరు గది వైపు తిరిగి దణ్ణం పెట్టాడు. "మా ఆడమనిషికి కావాల్సిన నెత్తురు ఈడ లేదంటన్నా, వేలూరుకు తీసుకోని పోతా ఉండా" అని మా నాయనతో చెప్పి, వ్యాను మాట్లాడుకుని పోయాడు. పాపం అనుకున్నాము, అంతటితో మరిచిపోయాము.

మధ్యాహ్నం అక్కకు ఆడపిల్ల పుట్టింది. పుట్టిన సంతోషమైనా తీరకముందే, నెత్తురు ఆగడం లేదని సిస్టరమ్మ పరుగెత్తుకొచ్చింది. ఓ నెగటివ్ కావాలి. నాదీ నాయనదీ వేరే గ్రూపులు. నేను గదిలోకి ఉరికి, చెప్పులు విడవాలన్న ధ్యాసైనా లేకుండా, చేతికి అలవాటైన అక్షరాలు కొట్టాను. మెషిన్ అరవలేదు, ఆగలేదు. ఆ గ్రూపువారు ఎవరూ లేరని చల్లగా చెప్పింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ అదే.

కానీ లేకపోవడమేమిటి? వడమాలపేట లారీ డ్రైవరొకాయన పేరు నా చేతులతో నేనే ఎక్కించాను. గేరు వేసే చేతికి సూది గుచ్చొద్దమ్మా అని బతిమాలిన మీసాలాయన, మరిచిపోదామన్నా మరపురాడు. అడగడం మానేసి పట్టిక మొత్తం తెరిచి వెతికితే, ఉన్నాడు మహానుభావుడు! పేరు, ఊరు అన్నీ ఉన్నాయి, గ్రూపు ఉండవలసిన చోట మాత్రం అక్షరాలకు బదులు ఒక అంకె ఉంది. పేరు, ఊరు కాగితం మీద రాసుకుని నాయన దగ్గరికి పరుగెత్తాను.

నాయన ఆసుపత్రి జీపులో వడమాలపేటకు పోయాడు. ఆ మనిషి ఊళ్ళో ఉన్నాడో, లోడుతో ఏ మద్రాసుకో పోయాడో ఎవరికి తెలుసు? వార్డు తలుపు దగ్గర నిలబడి గేటు వైపు చూస్తూ మొక్కని దేవుడు లేడు. లోపల అక్క మాట్లాడడం మానేసింది. సిస్టరమ్మ బయటికి వచ్చిన ప్రతిసారీ నా మొహం చూడకుండా పోతోంది. చిట్టచివరికి జీపు వచ్చింది, అందులోనుంచి ఆ మీసాలు దిగాయి, నేను నేల మీద కూలబడి ఏడ్చాను. అక్క బతికింది.

ఏం జరిగిందో తర్వాత తెలిసింది. మాకు ప్రోగ్రాములు రాసే చిత్తూరు అన్న ముందురోజు సాయంత్రమే పద్ధతి మార్చాడు. గ్రూపును తలా ఒక రకంగా కొడుతున్నారని ఒక్కో గ్రూపుకు ఒక్కో అంకె పెట్టాడు, మంచి ఆలోచనే. ఇక మీదట అంకెలు కొట్టాలని మాకందరికీ చెప్పేలోపల, ఎవరైనా పాత అలవాటుతో అక్షరాలు కొడితే మెషిన్ అరిచి తిట్లు తినిపిస్తుందని మా మీద జాలిపడి, అక్షరాలనూ అంకెలుగా మార్చి తీసుకొమ్మని రాశాడు. అలా మార్చమంటే ఆ మెషిన్‌కు అక్షరమేదైనా సున్నాతో సమానం, సున్నా గ్రూపువాడు లోకంలో ఎవడుంటాడు? "మీకు తిట్లు తప్పిద్దామనుకున్నా చెల్లెమ్మా, ఇట్లయితాదని అనుకోల్యా" అని ఆ అన్న తల బాదుకున్నాడు.

మేమిలా మాట్లాడుకుంటుంటే పొద్దుటి డ్యూటీ సిస్టరమ్మ విని దగ్గరికొచ్చింది. పొద్దున నగరి ఆమెకు కావలసింది కూడా అదే గ్రూపట, అదే మెషిన్‌ను తనే అడిగిందట, అది లేరనే చెప్పిందట. నేను పరుగున పోయి పట్టిక మళ్ళీ చూశాను. ఆ అంకె ఉన్నది డ్రైవరు ఒక్కడికే. ఒక మనిషి ఒకసారి ఒకరికే కదా ఇవ్వగలడు.

వేలూరు ఆసుపత్రికి ఫోన్లు చేశాము, ఎవరూ ఏమీ చెప్పలేకపోయారు. మా నాయన నగరి మీదుగా పోయినప్పుడల్లా బస్సు దిగి, మగ్గాల చప్పుడు వినబడే వీధులన్నీ తిరిగి అడిగి వచ్చేవాడు, ఆయన ఆచూకీ దొరకలేదు. అక్కకు మాత్రం మేమెవ్వరమూ ఆ సంగతి చెప్పలేదు.

ఇప్పటి యంత్రాలు తప్పు కొడితే తప్పని చెబుతాయి, పద్ధతి మారితే మారిందని ముందే మొత్తుకుంటాయి, చదివే ఓపికే మనకు లేదు. ఆ రోజు మెషిన్ కూడా అలా ఒక్క అరుపు అరిచి ఉంటే ఎంత బాగుండేదని అనుకోబోతాను. పొద్దునే అరిచి ఉంటే ఆ నెత్తురు నగరి ఆమెకు పోయేది. ఇంతలో అక్క దగ్గర నుంచి ఫోను వస్తుంది, తిన్నావా అని అడుగుతుంది, నేను ఆ అనుకోవడాన్ని సగంలోనే ఆపేస్తాను.