వదిన మార్చిన తీగలు

మా వదినకు నోరెక్కువ. నాకూ తక్కువేం కాదు, అందుకే మా ఇద్దరికీ పడుతుంది. ఆసుపత్రిలో ఆమె పని ఈసీజీ తీయడం. పద్దెనిమిదేళ్లుగా ఎర్ర తీగ కుడిచేతికి, పసుపు తీగ ఎడమచేతికి. "కళ్లు మూసుకుని పెట్టేస్తాను" అని గొప్పలు పోయేది.

ఆ మంగళవారం మా తమ్ముడు గోదాములో కళ్లు తిరిగి పడిపోయాడు. వాడికి ఇరవైమూడేళ్లు. చాన్నాళ్లుగా మెట్లెక్కితే ఆయాసమంటుంటే ఇంటిల్లిపాదీ బద్ధకమని తీసిపారేశాం. నేనైతే మరీనూ. తలచుకుంటే నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆసుపత్రికి తీసుకెళ్తే వదినే వాణ్ణి పడుకోబెట్టి ఈసీజీ తీసింది. కాగితం మీద మొదటి వరుసలో పైకి లేవాల్సిన గీతలన్నీ కిందికి దిగాయి. చేతుల తీగలు తారుమారైతే అలా వస్తుందట. "ఛ!" అని విసుక్కుంటూ తీగ పీకబోయి ఆగిపోయింది. ఎర్రది కుడిచేతికే ఉంది.

"ఏమైంది వదినా?" అన్నాను.

"కాసేపు మాట్లాడకు."

తలుపు దాకా వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి వాడి ఛాతీ మీద కుడివైపు చెయ్యి ఆనించింది.

"గుండె ఇటు కొట్టుకుంటోందే!"

డాక్టరమ్మ స్కాన్ చేసింది. గుండె కుడివైపుంది. అంతటితో పోతే బతికిపోయేవాళ్లం. గుండెలోని కింది గదులు రెండూ పుట్టుకతోనే అటూఇటూ మారిపోయాయట. ఊపిరితిత్తులకు మాత్రమే రక్తం పంపాల్సిన గది ఒళ్లంతటికీ పంపుతూ అలిసిపోయింది. చాలా అరుదట.

"ఇంతకుముందు ఈసీజీ తీయించారా? ఉంటే ఎంత చెడిందో తెలుస్తుంది," అందావిడ.

"లేదండీ, ఇదే మొదటిసారి," అన్నాడు తమ్ముడు గబుక్కున.

అబద్ధం. నాలుగేళ్ల కిందట ఉద్యోగంలో చేరేటప్పుడు వదినే తీసి, "దుక్కలా ఉన్నావురా" అని పంపించింది.

"తీశాను," అంది వదిన. "అప్పుడూ తలకిందులుగానే వచ్చింది. నా పొరపాటేమో అనుకుని తీగలు మార్చి మళ్లీ తీశాను. మొదటిది చించేశాను."

నాకు వదిన మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ వెంటనే ఆమె ఉద్యోగం పోతుందని భయమూ వేసింది.

"తీగలు మార్చారని తెలిస్తే ఫైల్లో ఉండే ఆ రెండో కాగితం ఇప్పటికీ పనికొస్తుంది," అంది డాక్టరమ్మ. "ఆ మాట రాసి సంతకం పెడతారా?"

"వద్దు వదినా," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్‌రా. నువ్వు బతకాలి," అని కలం అందుకుంది. సంతకం పెట్టాక ఏడ్చింది.