మా తాత తిట్టని ఒకే ఒక్క తూటా

మా తాత ఆర్విల్ హాగెన్‌కు తూటాలంటే కోపం. తుపాకులంటే ఇష్టమే, వేటంటే ప్రాణం. ఎల్క్ అనే మా కొండ దుప్పి మాంసం వేయించి ముందు పెడితే తన పళ్లెం ఖాళీ చేసి పక్కవాడి పళ్లెం వైపు చూస్తాడు. కానీ ఆ ఎల్క్‌ను పడగొట్టిన తూటా కంటపడిందా, ఒళ్లు మండిపోతుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకొని, కళ్లజోడు ముక్కు చివరికి జార్చి, ముఖాముఖీ తిడతాడు.

మామూలు తాతలు పన్నుల మీదా, మంచు మీదా, అల్లుళ్ల మీదా కోపగించుకుంటారు. మా నాన్న ఆయనకు అల్లుడే. అయినా తూటాల పుణ్యమా అని మా నాన్న దాకా ఎప్పుడూ వంతు రాలేదు.

మా ఊరు టామరాక్‌లో వేట మొదలైందంటే డ్వేన్ మాంసం కొట్టు ముందు పికప్ బండ్లు బారులు తీరుతాయి. ఒక్కో బండి వెనక ఒక జింకో, ఎద్దంత ఎల్కో కాళ్లు చాచుకొని పడుంటుంది. డ్వేన్ కోసి పొట్లాలు కడతాడు. మా తాత ఆ కొట్టులో పనివాడు కాడు, వాటాదారు అంతకన్నా కాడు. అయినా తలుపు తీసే వేళకి తన కత్తి తనే తెచ్చుకొని హాజరు. జంతువు లోపల ఇరుక్కున్న తూటాను తవ్వి తీసేదాకా ఆయనకు కాఫీ దిగదు. ఒక ఏడు డ్వేన్ విసిగిపోయి ఆయన్ను వెళ్లగొట్టాడు. మళ్లీ తనే ఇంటికొచ్చి బతిమాలి తీసుకుపోయాడు. జనం సగం మంది ఆ తిట్లు వినడానికే వస్తున్నారని అప్పుడు తెలిసింది పాపం.

ఓసారి టైర్ల కొట్టు లైల్ చిన్న తెల్లతోక జింకను తెచ్చాడు. దాన్ని కొట్టింది ఎల్క్ ఎముకలు విరగ్గొట్టడానికి చేసిన గట్టి తూటా. జింకకు ఈ పక్క పెన్సిలంత బెజ్జం, ఆ పక్కా పెన్సిలంత బెజ్జమే. తగిలాక కూడా అది వాగు దాటి, కంచె దాటి, పక్కవాళ్ల పొలంలో పడిందట.

తాత ఆ బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. "చూశావా దీని పొగరు. పెళ్లికొచ్చి, ఒక్కరినీ పలకరించకుండా, భోజనానికి కూర్చోకుండా పెరటి గుమ్మంలోంచి పోయిన చుట్టం ఇది. లోపల ఊపిరితిత్తులున్నాయి, గుండెకాయుంది. ఒక్కరినన్నా బాగున్నారా అని అడిగిందా?"

"నేనే కాస్త వెనక్కి కొట్టినట్టున్నాను ఆర్విలన్నా," అన్నాడు లైల్.

"నువ్వు నోర్ముయ్. నేను నీతో మాట్లాడుతున్నానా?"

ఇంకోసారి పోస్టాఫీసు నోర్మా తెచ్చిన ఎల్క్‌లో దీనికి తలకిందుల వ్యవహారం. ఆవిడది పల్చటి తొడుగు తూటా, జింకలకైతే సరిపోతుంది. దగ్గర్నుంచి అదిరిపోయే వేగంతో వెళ్లి, ఎల్క్ భుజం ఎముక తగలగానే పొడిపొడి అయిపోయింది. రెండోది వేస్తే గానీ ఆ ఎల్క్ పడలేదు. తాత సీసం ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి బల్ల మీద పేర్చాడు.

"ఇదిగో, గడప తగలగానే చొక్కా చింపుకొని బోర్లా పడ్డ తాగుబోతు. ఇంట్లోకి అడుగు పెట్టిందా ఇది? వీధరుగు మీదే సంసారమంతా ఆరబెట్టింది."

"నాకూ చెయ్యి వణికింది లెండి," అంది నోర్మా.

"నీ చేతి సంగతి ఎవరడిగారమ్మా ఇక్కడ?"

తూటాల డబ్బాలంటే మరీ మంట. ఆ అట్టపెట్టెల మీద కొమ్ములెత్తి నిలబడ్డ ఎల్క్ బొమ్మలుంటాయి కదా. "చూడవే, ఎలా నవ్వుతోందో," అని నాకు చూపించేవాడు. "ఎందుకు నవ్వదు? లోపలేముందో దానికి తెలుసు." బొమ్మలో ఎల్క్ నిజంగా నవ్వుతున్నట్టే ఉండేది. ఆయన ఎదురుగా నేనూ నవ్వాననుకోండి, సాయంత్రం దాకా నాకు తూటాల మీద ఉపన్యాసం తప్పేది కాదు. పదో తరగతిలో బడి మానేసి పాఠాలు తప్పించుకున్నానని సంబరపడ్డాను గానీ, ఆ పాఠాలన్నీ మా నేలమాళిగలో నాకోసం కాచుకొని కూర్చున్నాయి.

థాంక్స్‌గివింగ్ పండగ భోజనాల దగ్గర ఇంకో ఘనకార్యం. నోర్మా ఇచ్చిన ఎల్క్ భుజం మాంసం మా అమ్మమ్మ రోజంతా ఉడికించింది. పాస్టరు గారు కళ్లు మూసుకొని దేవుడికి కృతజ్ఞతలు చెబుతున్నారు. అందరికన్నా ముందే ఒక ముక్క నోట్లో వేసుకున్న మా తాత పంటి కింద సీసం ముక్క పడింది. ఆమెన్‌కు ఆగలేదు మనిషి.

"ఇక్కడ కూడా నువ్వేనటే," అన్నాడు పళ్లెంలోకి చూసి.

పాస్టరు గారు కళ్లు తెరిచి మా అమ్మమ్మ వైపు జాలిగా చూశారు. ఆవిడ, "నన్ను కాదండీ, సీసాన్ని," అంది. మళ్లీ కళ్లు మూసుకుంది.

ఇంత కోపిష్టి మనిషి తిట్టని తూటా ఈ భూమ్మీద ఒక్కటే. అది ఆయన నేలమాళిగలో కూర్చొని స్వహస్తాలతో మందు నింపుకొనే రాగి తూటా. వాటిని "పిల్లలు" అంటాడు. ఎల్క్‌లో దిగితే నాలుగు రేకులు విచ్చుకొని పువ్వయిపోతుంది, ఒక్క రేకు రాలదు, ఎముక అడ్డొచ్చినా దారి తప్పదు. అమ్మమ్మ పుట్టినరోజు మరిచిపోతాడు గానీ, ఏ పిల్ల ఏ ఎల్క్‌లో ఎలా విచ్చుకుందో అడక్కపోయినా చెబుతాడు.

మా పక్కింటి ఓపల్ మొగుడు క్లైడ్ ఒక ఏడు మంచు కరిగే రోజుల్లో పోయాడు. వాళ్లింట్లో శీతాకాలపు మాంసమంతా క్లైడ్ వేటదే. ఆకులు రాలేసరికి ఓపల్ ఫ్రీజరు ఖాళీ. అమ్మమ్మ ఒక పొట్లం పంపిస్తే, ఆ పొట్లం మీద తను కాల్చిన ఆపిల్ రొట్టె ఒకటి పెట్టి తిప్పి పంపింది. ఒకరి దగ్గర చెయ్యి చాపే మనిషి కాదు. క్లైడ్ రైఫిల్ తీసుకొని తనే కొండెక్కుతానంది. అది చేతకాకపోతే ఇల్లు అమ్మేసి స్పోకేన్ పట్నంలో అక్క దగ్గరికి పోతానంది. ఆ అక్క ఇంటినిండా పిల్లులూ, ఎవరూ తొక్కకూడని తివాచీలూ అని మాకందరికీ తెలుసు.

తాత తన పిల్లల్ని ఒక డబ్బాడు తీసి ఓపల్ చేతిలో పెట్టాడు. మా అమ్మ పెళ్లిలో కూడా ఆయన ముఖం అంత దిగులుగా లేదని అమ్మమ్మ అంది. కంకర గుంట దగ్గర ఇనప పళ్లెం నిలబెట్టి ఓపల్ చేత కాల్పించాడు. వేసిన ప్రతిదీ టంగుమని మోగింది. రైఫిల్‌కు వంక లేదు, తూటాకు వంక లేదు.

వేట ముగిసే వారం శనివారం పొద్దున్నే తాత, ఓపల్, నేను ముగ్గురం కొండెక్కాం. మోకాలి లోతు మంచు. తెల్లమానుల అంచున ఆడ ఎల్క్ ఒకటి బయటికొచ్చి, మా వైపు కాస్త ఏటవాలుగా తిరిగి నిలబడింది. ఓపల్ కూర్చొని, మోకాలి మీద మోచెయ్యి ఆనించి కాల్చింది.

తూటా ఎక్కడ తగిలిందో మా కొండల్లో చెవితోనే చెప్పేస్తారు. పక్కటెముకల్లో తగిలితే కట్టె విరిగినట్టుంటుంది. మాకు వినిపించింది తడి గోనెసంచి మీద కర్రతో కొట్టిన చప్పుడు. అంటే పొట్ట. ఎల్క్ వీపు వంచుకొని, మెల్లగా నడుచుకుంటూ చెట్లలోకి పోయింది.

ఓపల్ లేచి పరిగెత్తబోయింది. తాత ఆమె కోటు పట్టుకొని కూలదీశాడు.

"కూర్చో. ఇప్పుడు తరిమితే మూడు కొండలు దాటి పోతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. మధ్యాహ్నం దాకా కదలొద్దు."

"నేనే కొట్టానన్నా పొట్టలో. చెయ్యి వణికింది. ట్రిగ్గర్ గుంజేశాను. అదక్కడ బాధపడుతుంటే నేనిక్కడ కూర్చోనా? దొరక్కపోతే నక్కలు తింటాయి. ఈ రైఫిల్ అమ్మేస్తాను. నేను స్పోకేన్ పోతాను."

తాత జేబులోంచి ఇంకా పేల్చని తూటా ఒకటి తీశాడు. కళ్లజోడు ముక్కు చివరికి జార్చాడు.

"సిగ్గులేనిదానా," అన్నాడు.

నేను చుట్టూ చూశాను. ఆయన తిడుతున్నది ఆయన పిల్లనే.

"నిన్ను నా చేత్తో తూచి నింపానే. గింజ ఎక్కువ కాకుండా, గింజ తక్కువ కాకుండా. కంకర గుంట దగ్గర బుద్ధిమంతురాలిలా నటించి, కొండెక్కాక నీ అసలు గుణం చూపించావు. ఇంత నమ్మి ఒక ఇల్లాలి చేతిలో పెడితే దారి తప్పుతావా? నిన్ను చేసిన రాగి కన్నా చెంబుకు పోసిన రాగి నయం. దాంతో నీళ్లన్నా తాగుతారు."

ఎల్క్‌కు వినబడకూడదు కాబట్టి ఇదంతా గుసగుసల్లోనే. కోపానికి మెడ నరాలు ఉబ్బుతున్నాయి, గొంతు మాత్రం పిల్లి నడకలా ఉంది. ఓపల్ లేవబోయినప్పుడల్లా ఆయన కొత్త తిట్టు ఎత్తుకునేవాడు. ఆవిడ అది వినడానికి మళ్లీ కూర్చునేది.

"తాతా, అవి నీ పిల్లలు కదా," అన్నాను.

"పిల్లలా? పాములవి. పాలు పోసి పెంచాను."

ఎండ నెత్తి మీదికొచ్చాక జాడ పట్టాం. కాసిని రక్తం చుక్కలు, ఈడ్చిన గిట్టల గుర్తులు. దగ్గర్లోనే ఒక ఫిర్ చెట్టు కింద ఎల్క్ పడుకొని ఉంది. తల ఇంకా నిలబెట్టే ఉంది. ఓపల్ రైఫిల్‌ను తాత చేతిలో పెట్టబోయింది.

"లైసెన్సు నీది, ఎల్క్ నీది, దెబ్బా నువ్వే వెయ్యి," అన్నాడు.

ఆవిడ గురి పెట్టింది. రైఫిల్ గొట్టం ఎల్క్ మీద నిలవడం లేదు. తాత ఆవిడ భుజం మీంచి వంగి, రైఫిల్ లోపలున్న తూటాతో కటువుగా చెప్పాడు. "ఏయ్, ఈసారన్నా తిన్నగా వెళ్లి చావు. ఊళ్లో తల ఎత్తుకోవాలి నేను."

ఓపల్‌కు ఏడుపులో నవ్వొచ్చింది. బిగబట్టిన ఊపిరి వదిలేసింది. కట్టె విరిగిన చప్పుడైంది. ఎల్క్ తల మంచులో వాల్చేసింది.

పొట్టలో తగిలిన జంతువును తొందరగా శుభ్రం చెయ్యకపోతే మాంసం పాడవుతుంది. తాత కత్తి తీసి, మంచు రుద్దుతూ పని మొదలుపెట్టాడు. కాస్త పోయింది గానీ శీతాకాలానికి సరిపడా మిగిలింది. అవతలి తొడ తోలు కింద మొదటి తూటా దొరికింది. మెత్తటి గడ్డి నిండిన పొట్టంతా ఈదుకుంటూ వచ్చి అక్కడ ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను కదా, చూశాను. నాలుగు రేకులూ విచ్చుకున్న పువ్వు. ఒక్క రేకు రాలలేదు. అంత అందమైన తూటాను నా జన్మలో చూడలేదు.

"తాతా, ఇది..." అన్నానో లేదో, ఆయన బూటు నా కాలి మీద పడింది. పిడికిలి మూసుకుంది.

"అస్సలు విచ్చుకోలేదు," అన్నాడు ఓపల్‌తో. "మేకులా దూరింది. పైగా లోపల పక్కకు తిరిగింది దొంగముండ."

"ఏదీ, చూపించన్నా."

"ఇలాంటి సిగ్గుమాలిన వస్తువును పదిమందికి చూపించడం నాకలవాటు లేదు," అని, ఊళ్లో ప్రతి తూటానూ పదిమందికీ చూపించి తిట్టే మనిషి దాన్ని తీసుకెళ్లి పొదల్లోకి విసిరేశాడు.

ఓపల్‌ను వాళ్లింటి దగ్గర దించాక నేను ఊరుకోలేదు. "తాతా, అంత చక్కటి పువ్వును..."

"నోర్ముయ్. ఆ తూటాకు ఇంటికెళ్లి ఒంటరిగా కూర్చొని తలుచుకోవాల్సిన పని ఉందా? తిడితే పడుంటుంది. లైల్ పడ్డాడా? నోర్మా పడిందా? ఊరందరూ పడాల్సిన తిట్లన్నీ ఆ తూటాలే కదా పడ్డాయి." పక్కనే ఉన్న మా వాకిట్లోకి బండి తిప్పేలోపే గేర్లను విరగ్గొట్టినంత పని చేశాడు.

ఆర్విల్ తన సొంత తూటాను తిట్టాడన్న కబురు సోమవారానికల్లా ఊరంతా పాకింది. డ్వేన్ కొట్టు నిండా జనం. లైల్ కుర్చీ తెచ్చుకొని మరీ కూర్చున్నాడు. తాత వాళ్లందరి ముందూ నిలబడి, తన రాగి తూటా దండగమారిదనీ, విచ్చుకోదనీ, దారి తప్పుతుందనీ మొదట్నుంచీ మళ్లీ తిట్టాల్సి వచ్చింది. ఒక్కో తిట్టుకూ మనిషి ఒక్కో అంగుళం తగ్గుతున్నట్టు కనిపించాడు.

అప్పుడే ఓపల్ తన పొట్లాలకోసం వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి అంతా విని, చేతి తొడుగులు మెల్లగా విప్పుకుంది.

"ఆర్విలన్నా, వచ్చే ఏటికి అవే ఇంకో డబ్బాడు నింపి పెట్టు," అంది.

"అవా? అవెందుకమ్మా, ఇంకేవన్నా..."

"లేదన్నా, ఆ పనికిమాలినవే కావాలి. విచ్చుకోకుండానే శీతాకాలం గడిచేంత మాంసం తెచ్చాయి. ఖర్మ కాలి విచ్చుకున్నాయంటే మా ఫ్రీజరు చాలదు నాకు."

మా తాత చెవులు ఎర్రగా కందిపోయాయి. అటు చూశాడు, ఇటు చూశాడు, బల్ల మీద తిట్టడానికి తూటా ఏదీ లేదు. చివరికి ఓపల్ పొట్లాలు రెండు చేతులా ఎత్తుకొని, వాటికి కట్టిన దారాన్ని నానా తిట్లూ తిట్టుకుంటూ ఆమె బండి దాకా మోసుకుపోయాడు.