డెవలపర్ల సభ అయ్యేదాకా ఆగాలి

ఆ రోజుల్లో బెజవాడలో పుకారు నంజుకోనిదే ఎవరికీ టీ దిగేది కాదు. రాష్ట్రం రెండైంది, కొత్త రాజధాని ఎక్కడొస్తుందో ఎవరికీ తెలియదు, ఎవరికీ తెలియదు కాబట్టి ప్రతివాడికీ తెలుసు. ఆటో ఎక్కితే డ్రైవరు రాజధానిని ఒక ఊళ్ళో పెట్టేవాడు, దిగేలోపు పక్కన కూర్చున్నాయన దాన్ని ఏటి అవతలికి మార్చేవాడు. క్షవరానికి వెళితే సగం గడ్డం మీద కత్తి ఆపి మరీ చెప్పేవారు. ఇలా చెబుతున్నానని నేనేదో ఈ గోల తగలని పెద్దమనిషినని అనుకునేరు. నాకూ ఒక పుకార్ల పిచ్చి ఉండేది. కాకపోతే అది పొలాల గురించి కాదు, ఫోన్ల గురించి. సముద్రాల అవతల ఒక పెద్ద కంపెనీ ఏటా ఎండాకాలం చివర డెవలపర్ల సభ పెడుతుంది. డెవలపర్లంటే ఆ ఫోన్లలో నడిచే ప్రోగ్రాములు రాసేవాళ్ళన్నమాట. సభలో ఏం ప్రకటిస్తారో నెల ముందునుంచీ ఊహించుకుంటూ తిండి మానేసే అభిమానులు లోకమంతా ఉన్నారు. బెజవాడ శాఖలో మేం ముగ్గురం.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చీరల కొట్టు పైన మా ఆఫీసు. రైసు మిల్లుల వాళ్ళకి బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళం. చదువు అవ్వగానే దొరికిన ఉద్యోగం. మెడలో వేసుకునే కార్డు మీద నా పేరు కింద ‘జూనియర్ డెవలపర్’ అని ఉండేది (సీనియర్ అంటూ ఎవరూ లేరు, అది వేరే సంగతి). ఆ కార్డు చూసి మా అమ్మ మురిసిపోయి, గుణదలలో మా వీధి వాళ్ళకే కాక చల్లపల్లి దగ్గర పల్లెలో ఉండే మా మావయ్యకి కూడా ఫోన్ చేసి చెప్పింది, మావాడు డెవలపర్ అయ్యాడని. ఇక్కడే తిరకాసు ఉంది. మా వైపు డెవలపర్ అంటే ఒక్కటే అర్థం. పచ్చటి చేలో రాళ్ళు పాతి, ఎర్రమట్టి రోడ్డు పోసి, ముందు ఒక ఆర్చి కట్టి, దానికి ఏదో ఒక సిటీ అని పేరు పెట్టేవాడే డెవలపర్. గుంటూరు రోడ్డు మీదా ఏలూరు రోడ్డు మీదా ఏ హోర్డింగు చూసినా తెల్ల చొక్కాలో నవ్వుతూ ఆయనే ఉండేవాడు. ఈ రెండు రకాల డెవలపర్లు ఎప్పుడో ఒకప్పుడు గుద్దుకుంటారని నాకు తట్టలేదు.

మా ముగ్గురిలో పెద్దాయన లీకు గారు. మా ఆఫీసులోనే లెక్కలు చూసేవారు. ఎక్కడ తవ్వి తెచ్చేవారో గాని ప్రతిరోజూ ఒక లీకుతో వచ్చేవారు. రెండోవాడి పేరు ‘కాదులే’. కింద చీరల కొట్టు పక్కన ఫోన్లు బాగుచేసే కొట్టు వాడిది. ఎవరేం చెప్పినా ‘కాదులే’ అనడం తప్ప వాడికి ఇంకో అభిప్రాయం ఉండేది కాదు. ఇంతా చేసి ఆ కంపెనీ ఫోను మా ముగ్గురిలో లీకు గారికి ఒక్కరికే ఉండేది, అదీ ఎవరో వాడి వదిలేసింది, అద్దం మీద నిలువునా పగులు. అయినా సభ ఆహ్వానపత్రం బొమ్మ బయటికొచ్చిన రోజున మేం చేసిన హడావుడి చూడాలి. బొమ్మలో రంగురంగుల పలకలు పక్కపక్కనే పేర్చి ఉన్నాయి. నీలం పలకలు ఎక్కువున్నాయి కాబట్టి ఫలానాది ఖాయమని లీకు గారు, మూలనున్న పసుపు పలక సంగతేంటని నేను, అదేం కాదులే, ఉత్త బొమ్మ అని వాడు. పంచాంగం చూసే పంతులు గారు కూడా అంత దీక్షగా చూసి ఉండరు.

అలాంటి ఒక సాయంత్రం టీ బండి దగ్గర మేం మంచి వేడిమీద ఉండగా మావయ్య వచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు, చేతిలో ఒక అరటి హస్తం. గుణదల కొండెక్కి మాతకి కొవ్వొత్తి పెట్టి వస్తున్నానన్నాడు. ఉత్సవాలప్పుడు తప్ప మావయ్య కొండెక్కే రకం కాదు. ఎందుకొచ్చావని అడగాలన్న ఇంగితం నాకు ఉండాల్సింది. నేనా, బెంచీ మీద చోటిచ్చి, టీ చెప్పి, మళ్ళీ మా సభలో పడిపోయాను.

“ఈసారి కొత్త ప్లాట్‌ఫాం ఖాయమండీ,” అన్నారు లీకు గారు. “డెవలపర్లకి ముందు చేతికిస్తారు. మామూలు జనానికి పండగల నాటికి వదుల్తారు.”

“కాదులే,” అన్నాడు కాదులే.

“మరి నా పాతది ఇప్పుడే అమ్మేసుకోనా, ఉంచనా? ఒకాయన అడుగుతున్నాడు.”

లీకు గారు ప్లాట్‌ఫాం అన్నది ఫోన్లో ప్రోగ్రాములన్నిటికీ అడుగున ఉండే ఏర్పాటుని, అమ్మనా అన్నది తన పగిలిన ఫోనుని. అది మా ముగ్గురికీ తెలుసు కాబట్టి ఫోను అన్న మాట ఎవరమూ పలకలేదు. నేను గొంతు సవరించుకుని, ఆ కంపెనీ పెద్దలు పొద్దున్నే నాతో మాట్లాడినంత ధీమాగా చెప్పాను. “తొందరపడి అమ్మకండి. కొత్తది వస్తే పాతదానికి విలువ పోతుందని అందరూ అనుకుంటున్నారు. రేపు సభలో పాతవాటికి కూడా వర్తిస్తుందన్నారనుకోండి, ఇప్పుడు అమ్మినవాడు నెత్తి కొట్టుకోవాలి.”

మావయ్య టీ గ్లాసు కిందపెట్టాడు. “అయితే అల్లుడూ, అమ్ముదామనుకునేవాడు ఏం చెయ్యాలంటావు?”

మా పెద్దల్లో ఒకరు నా అభిప్రాయం అడగడం అదే మొదలు. పొంగిపోయాను. “డెవలపర్ల సభ అయ్యేదాకా ఆగాలి మావయ్యా. కళ్ళు మూసుకుని ఆగాలి.”

మావయ్య తలూపాడు. అరటి హస్తం నా చేతిలో పెట్టి చల్లపల్లి మీదుగా పోయే అవనిగడ్డ బస్సుకి టైమైందని వెళ్ళిపోయాడు.

సభ దగ్గరపడుతుండగా ఒకరోజు ఆఫీసుకి అత్తయ్య ఫోన్ చేసింది. “ఏం నాయనా, ఆ డెవలపర్ల సభ ఎప్పుడంట?” అంది. నా ఒళ్ళు పులకరించింది. మా మేనత్త పిల్లలే పట్టించుకోని సంగతి, చల్లపల్లి అవతల పాలు పితుక్కునే అత్తయ్య అడుగుతోంది. అభిమానమనేది కాలవ నీళ్ళలాగా చివరి చేనుదాకా పారుతుందని ఆ క్షణంలో నిజంగానే అనుకున్నాను. ఇక ఊరుకుంటానా, సభ ఎక్కడ జరుగుతుందో, ఎంతమంది వస్తారో, కొత్త ప్లాట్‌ఫాం వస్తే డెవలపర్లకి ఏం ఒరుగుతుందో అన్నీ విడమరిచి చెప్పాను. అత్తయ్య ఓపిగ్గా ఊఁ కొట్టింది. అంతా అయ్యాక అడిగింది.

“అవన్నీ బానే ఉన్నాయి గాని, మన కాలవ పక్క చేను దాని కిందకొస్తదా రాదా?”

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలో కూర్చోలేకపోయాను. సంగతేమిటంటే, ఊళ్ళో అందరూ పొలాలు అమ్మి బెజవాడ పక్కన ప్లాట్లు కొంటున్నారని మావయ్యా ఆ దారే పట్టాడు. కాలవ పక్క చేను అమ్మడానికి బ్రోకరుతో మాట్లాడుకున్నాడు. అత్తయ్య అరటీ, కందా, పసుపూ వేసుకునే చేను అదే. అమ్మొద్దని ఆవిడ మాట్లాడటం మానేసినా వినలేదట. అలాంటి మనిషి బెజవాడ వెళ్ళొచ్చి బ్రోకర్ని ఆపేశాడు. ‘మా అల్లుడు డెవలపరు. అమెరికాలో వాళ్ళ సభ జరగబోతోందంట. ప్లాట్లూ ఫాములూ అన్నీ అక్కడే తేలుస్తారంట. అయ్యేదాకా అమ్మొద్దన్నాడు’ అని రచ్చబండ మీద చెప్పాడు. నా ప్లాట్‌ఫాం చల్లపల్లి చేరేసరికి రెండు ముక్కలైంది. దాంతో ఊళ్ళో ఇంకొందరు కూడా ఆగిపోయి నా సభ కోసం ఎదురుచూస్తున్నారట.

“అత్తయ్యా, అది భూముల సభ కాదు. ఫోన్ల సభ. డెవలపరంటే కంప్యూటర్లో పని,” అన్నాను.

అవతల పాల తపేలా కిందపెట్టిన చప్పుడైంది. ఎక్కడో గేదె అరిచింది. “భూములది కాదా,” అంది అత్తయ్య నెమ్మదిగా. “సరే నాయనా. ఆ ముక్క ఎవరితో అనమాక. సభ అయిన మర్నాడు బ్రోకరు కాయితాలు పట్టుకుని వస్తాడు. నువ్వు కూడా రా. అందాకా ఆగు.” నా సలహా నాకే తిరిగొచ్చింది.

సభ రాత్రి జరిగింది. లీకు గారు చెప్పిన లీకుల్లో ఒక్కటీ నిజం కాలేదు. ఆ కంపెనీ పెద్దాయనెవరో వేదికెక్కి, ప్రోగ్రాములు రాయడానికి ఒక కొత్త భాష తెచ్చామన్నాడు. వేరే ఏడాది అయ్యుంటే నేను ఎగిరి గంతేసేవాణ్ణి. ఆ ఏడు మటుకు మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, ఉయ్యూరు దాటి చెరకు తోటలు కనపడుతున్నా తల తిప్పి చూడకుండా కూర్చున్నాను. నిజం చెబితే అత్తయ్య చేను పోతుంది. అబద్ధం చెబితే మావయ్య మొహం ఈ జన్మకి చూడలేను. పామర్రు దగ్గర దిగి వెనక్కి వెళ్ళిపోదామా అని కూడా అనిపించింది (టికెట్టు చల్లపల్లి దాకా తీసుకున్నాను కాబట్టి దిగలేదు, ధైర్యముండి కాదు).

అరుగు మీద మావయ్య, ఎదురుగా కుర్చీలో బ్రోకరు, గడపలో అత్తయ్య. బ్రోకరు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. నా జీవితంలో నన్ను చూసి లేచిన మొదటి మనిషి ఆయనే.

“రండి సార్. ఏవన్నారండీ అమెరికా డెవలపర్లు? మన సైడు ఏవన్నా ప్రకటించారాండీ?”

“కొత్త భాష ప్రకటించారు,” అన్నాను.

“భాషా?” అన్నాడు మావయ్య. “దేనికి, తెలుగు చాల్లేదంటా?”

ఇంక ఆగలేకపోయాను. అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. నా ఉద్యోగం మిల్లుల బిల్లులనీ, డెవలపరంటే నేను ఆ రకం కాదనీ, ఆ సభలో సెంటు భూమి ప్రస్తావన కూడా రాలేదనీ, టీ బండి దగ్గర అమ్మొద్దన్నది లీకు గారి ఫోను గురించనీ. చెబుతున్నంతసేపూ అత్తయ్య వైపు చూడలేదు. బ్రోకరు పగలబడి నవ్వి, కళ్ళు తుడుచుకుని, సంచీలోంచి కాయితాలు బయటికి తీశాడు. “భలేవారండీ బాబూ మీరు. ఒక ఊరినంతా ఆపేశారు. సరేగాని, ఇక్కడొక సంతకం పెట్టండి బావగారూ.”

మావయ్య కాయితాలు అందుకోలేదు. నన్నే చూస్తున్నాడు. “అల్లుడూ, ఆ లీకు గారి పాత ఫోను ఏమైంది మరి? పనికొస్తదన్నారా, రాదన్నారా?”

“పనికొస్తుందన్నారు మావయ్యా. కొత్త భాషలో రాసినవి పాతవాటిలో కూడా నడుస్తాయంట. అమ్మక్కర్లేదు.”

“అమ్మక్కర్లేదు,” అన్నాడు మావయ్య. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. “విన్నారుగా. సభలో తేల్చారు. కాఫీ తాగి వెళ్ళండి.”

బ్రోకరు అది ఫోను గురించండీ అంటూనే ఉన్నాడు. మావయ్య అప్పటికే లేచి చేలోకి నడిచాడు. ఆయన నన్ను నమ్మాడో, ఆటపట్టించాడో నాకు తెలియలేదు. మధ్యాహ్నం కంద బచ్చలి కూర వడ్డిస్తూ అత్తయ్యే చెప్పింది. “చేను అమ్మాలో వద్దో తేల్చుకోలేక మాతని అడుగుదామని వచ్చాడు ఆ రోజు కొండకి. కొవ్వొత్తి వెలిగించి, తిన్నగా నీ పక్కన కూర్చున్నాడు. కూర్చోగానే నువ్వు అమ్మొద్దు, ఆగమన్నావు. ఇంక ఆ డెవలపర్లు ఎవరైతే ఆయనకేం నాయనా?” ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. కంద బాగా ఉడికిందో లేదో కూడా చూసుకోకుండా నేను తలొంచుకుని తినేశాను.

ఇప్పుడు మా ముగ్గురిలో ఎవరికీ ఆ పిచ్చి లేదు. లీకు గారు రిటైరై, వాళ్ళ మనవడి ఫోనులో భక్తి పాటలు వింటున్నారు. కాదులే కొట్టు పెద్దదైంది, కొనేవాళ్ళు ఏమడిగినా ‘అవునండీ’ అంటున్నాడు. నా మెడలో కార్డు మీద ‘సీనియర్’ అని పడింది, నెత్తి మీద జుట్టు ఆ మేరకు పలచబడింది. కొత్త ఫోను వచ్చిందంటే ఆవలింత వస్తోంది. ఆహ్వానపత్రంలో ఒక పసుపు పలక కోసం టీ చల్లారబెట్టుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడి మీద కాస్త అసూయ కూడా కలుగుతుంది. అంత తెలియనివాడు అంత ధీమాగా ఎలా మాట్లాడాడో అని.

అయినా ఏటా ఎండలు ముదిరేసరికి ఆ సభ కబుర్లు ఒకసారి చదువుతాను. చదవక తప్పదు. ఆ రోజుల్లోనే ఎప్పుడో మావయ్య ఫోన్ చేస్తాడు. చేను పక్కన కాలవ వచ్చిందనో రాలేదనో, అత్తయ్య మోకాళ్ళ నొప్పులనో కాసేపు మాట్లాడి, చివర్లో అడుగుతాడు. “ఏరా అల్లుడూ, సభ దగ్గర పడిందంటగా. ఏమంటున్నారు మీవాళ్ళు?”

“ఆగమంటున్నారు మావయ్యా,” అంటాను.

“అయితే ఆగుదాం,” అంటాడు. మర్నాడు అవనిగడ్డ బస్సులో డ్రైవరు పక్కన పెట్టి ఒక అరటి గెల పంపిస్తాడు.