తొమ్మిదో భాగం

జూన్ పదకొండు, మంగళవారం. తొమ్మిది భాగాలలో ఎనిమిదే గ్రంథాలయం బల్ల మీదికి చేరాయి.

ఆ పాత నవల మళ్లీ అచ్చు కాలేదు. ఉన్నది ఒక్కటే ప్రతి. చదివే బృందం కోసం బైండరు దాని కుట్లు విప్పి, తొమ్మిది భాగాలుగా విడదీశాడు. ఒకరి తర్వాత ఒకరు అందుకుని, ఒక్కరు తప్ప అందరూ పూర్తి చేశారు. చివరి భాగం బైండరు నుంచి లెక్కల టీచరుకు చేరడమే మిగిలింది. ఆవిడకు ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోదానికి వచ్చే మంగళవారం ఆపరేషన్. తర్వాత చూపు నిలుస్తుందని డాక్టరు హామీ ఇవ్వలేదు.

“ఏమయ్యా జిగురూ, నా భాగమేది?” అని బైండరును అడిగింది టీచరు.

“ఇంట్లో మరిచిపోయానండీ.”

“మూడో తరగతి పిల్లలు చెప్పే సాకు!”

“ముగింపు నేను చెప్తాలే అక్కా,” అంది లైబ్రేరియన్.

“నోర్ముయ్యవే. కథలో ఆ పిల్ల ఇంటికి తిరిగొచ్చిందో లేదో నా కంటితోనే చదువుకుంటా. ఉన్నది ఒకటే, దానికీ ఏదో పని ఉండాలిగా!”

అందరూ నవ్వారు. బైండరు మాత్రం బల్ల మీది ఎనిమిది భాగాలనూ మళ్లీ సర్దాడు. ఆ భాగం ఇంట్లో లేదు. శనివారం ఒక బడికి నలభై రిజిస్టర్లు హడావుడిగా కుట్టాడు. వాటి వీపులకు, అంటే కుట్టు ఉన్న అంచులకు, లోపల అతికించడానికి చిత్తుకాగితాలను పట్టీలుగా కోస్తూ, పక్కనే పెట్టుకున్న తొమ్మిదో భాగాన్నీ కోసి అతికించేశాడు.

“ముప్పై ఏళ్లుగా కోస్తున్నావు, కోసేదేమిటో చూసుకోవద్దూ?” అంది భార్య, ఆ రాత్రి ఇంట్లో సంగతి విని.

“చూస్తే చదవాలనిపిస్తుందే. చదువుతూ కూర్చుంటే పని సాగదు. అందుకే చూడను.”

బుధవారం నుంచి రోజూ బడి చుట్టూ తిరిగాడు. కొత్త రిజిస్టర్లు చింపనివ్వనని గుమాస్తా భీష్మించాడు. కాళ్లావేళ్లా పడితే, మళ్లీ ఉచితంగా కుట్టిచ్చే షరతు మీద ఏడు రిజిస్టర్లు విప్పడానికి మాత్రం ఒప్పుకున్నాడు.

తర్వాతి మంగళవారం తెల్లవారగానే వీపులు తడిపి, పట్టీలు ఒలిచి, పాత పేపరులో చుట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. అప్పటికే టీచరును లోపలికి తీసుకువెళ్లారు.

“ఇంతసేపూ మీ గురించే అడిగింది,” అంది ఆవిడ చెల్లెలు, బెంచీ మీద చోటిస్తూ.

అతడు పట్టీలు పరిచి, ఒకదాని పక్కన ఒకటి జరిపి చూశాడు. ‘గడప దగ్గర ఆమె’ అని ఒకదానిలో ఉంది. అక్కడే కత్తి పడింది. మిగిలిన ఆరింటిలో ఒక్కటీ దానికి అతకలేదు.

నర్సు వచ్చి, ఆ తడి చెత్త బెంచీ మీద నుంచి తీసేయమంది.