సగం గులాబీ

ఒకావిడ పనిదొంగ అని ఒక ఊరు నమ్మింది. నమ్మించింది నేను. ఇన్నేళ్లుగా ఆ బరువు గుండెల మీద మోస్తూనే ఉన్నాను. మీకు నా పేరు చెప్పను. అంత ధైర్యమే ఉంటే ఇంతకాలం ఆగేవాణ్ణా?

అప్పట్లో హోసూరులో వెబ్‌సైట్లు తయారుచేసేవాణ్ణి. పల్లెల్లో ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్ నత్తనడక నడిచే రోజులు. దగ్గర్లోని బేరిగై అనే ఊళ్లో గులాబీ రైతుల సంఘానికి ఒక సైటు చేసిచ్చాను. ఏ మార్కెట్లో పూల ధర ఎంతో రోజూ పొద్దున్నే అందులో వస్తుంది. సంఘం గదిలో పనిచేసే సరోజమ్మ కంప్యూటర్లో అది చూసి పలక మీద రాయాలి. పలక చూశాకే రైతులు పూలబుట్టలు ఏ బండికి ఎక్కించాలో తేల్చుకునేవారు.

సంఘం అధ్యక్షుడు రోజూ కొత్తగా పెద్ద పెద్ద గులాబీ ఫోటోలు పెట్టమన్నాడు. పెట్టాను. మా ఆఫీసులోని మంచి లైన్లో చూసుకుని మురిసిపోయాను. బేరిగైలో ఎంతసేపటికి తెరుచుకుంటుందో ఒక్కసారైనా వెళ్లి చూశానా? లేదు. అక్కడ ఫోటో పైనుంచి ఒక్కో గీతే దిగేది. సగం గులాబీ కనిపించేసరికి బండ్లు వెళ్లిపోయేవి. ధరల పట్టిక ఆ గులాబీ కింద ఎక్కడో ఉండేది. పలక ఖాళీగా ఉంటోందని రైతులు సరోజమ్మను తిట్టారు. సైటే రావడం లేదని ఆవిడ చెప్పింది. నన్ను పిలిపించారు.

నేను ముందుగానే వెళ్లాను. నన్ను గదిలో కూర్చోబెట్టి సరోజమ్మ పెద్దలను పిలుచుకురావడానికి వెళ్లింది. పేజీ తెరిచాను. పట్టిక వచ్చేలోపు నా చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. అయితే కంప్యూటరు ఒకసారి తెచ్చుకున్న ఫోటోలను తనలో దాచుకుంటుంది, రెండోసారి అడిగితే లైనుతో పనిలేకుండా వాటినే చూపిస్తుంది. ఆ సంగతి ఆ ఊళ్లో నాకొక్కడికే తెలుసు. పేజీ మూసేసి కూర్చున్నాను.

అందరూ వచ్చాక మళ్లీ తెరిచాను. టక్కున వచ్చింది.

"ఏమ్మా, రాదంటివే! ఈడ చూడు," అన్నాడు అధ్యక్షుడు.

"నాకు రాలేదప్పా. పొద్దున్నించీ ఈడే కూర్చోనుంటిని," అని సరోజమ్మ నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పప్పా. ఇప్పుడు ఎట్ల వచ్చె?"

"సైట్లో ఏం తప్పు లేదమ్మా. టైముకి వచ్చి తెరిస్తే వస్తాది," అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చింది? భయమా? నలుగురిలో పరువు పోతుందనా? ఆవిడ చీర కొంగుతో పలక తుడిచి పక్కన పెట్టింది. వారం తిరక్కుండా ఆవిడను మాన్పించారు.

అసలు తప్పు తర్వాత చేశాను. ఎవరికీ చెప్పకుండా ఫోటోలను బొటనవేలంత చేసి, ధరలను పైకి తెచ్చాను. కొత్తగా చేరిన మనిషికి పేజీ వెంటనే తెరుచుకుంది. సరోజమ్మను మాన్పించాక అంతా సరిపోయిందని ఊరు అనుకుంది. సైటును అలాగే వదిలేసి ఉంటే, ఆవిడ మాట నిజమని రెండు రోజుల్లో తేలిపోయేది. రైతుల కోసమే బాగుచేశానని ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో! మరి చెప్పి ఎందుకు చేయలేదు?

కొన్నేళ్ల తర్వాత కృష్ణగిరి బస్టాండులో ఆవిడ టిఫిన్ క్యారియర్ పట్టుకుని కంపెనీ బస్సు ఎక్కుతుంటే చూశాను. పండ్ల అంగడి వెనక్కి తప్పుకున్నాను.

ఇప్పుడు ఇతరుల సైట్లు ఎంత వేగంగా తెరుచుకుంటాయో పరీక్షించడమే నా ఉద్యోగం. పరీక్షకు ముందు కంప్యూటరు దాచుకున్నవన్నీ చెరిపేస్తాను. మళ్లీ చెరుపుతాను. కుదురుండదు, మూడోసారీ చెరుపుతాను. మడి కట్టుకున్నట్టు చేస్తావని ఆఫీసులో వేళాకోళం చేస్తారు. నవ్వేసి ఊరుకుంటాను.

ఇప్పుడు ఎట్ల వచ్చె అని ఆవిడ అడిగినదానికి జవాబు ఇవాళ మీకు చెబుతున్నాను. ఆవిడ పెద్దలను పిలవడానికి వెళ్లినప్పుడు నేను ఒకసారి తెరిచి మూశాను కాబట్టి వచ్చింది. సరోజమ్మ రోజూ టైముకే వచ్చింది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.