పక్కింటి మగ్గం

ఈస్టర్‌కు ముందు నలభై రోజుల శ్రమదినాలు మొదలయ్యాయని, ఉపవాసంలా ఫోన్ ఆపి రాగిపిండి డబ్బాలో పెట్టాను. ఆ పిండి వాసనకు ధర్మవరంలోని అవ్వ గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఇలాంటి శ్రమదినాల్లోనే బెంగళూరు నుంచి వెళితే, అవ్వ టీవీ మీద దుప్పటి కప్పి, నా చేతిలోని ఫోన్ లాక్కుని ఇలాంటి డబ్బాలోనే దాచింది. నేను గొంతు చించుకుని ఏడ్చాను.

"ఏమిరా, చర్చి మైకు మింగినావా? నోరు మూసుకోని ఇను," అంది.

దేవుడు మాట్లాడతాడేమోనని చెవులు రిక్కించాను.

"దేవుడేం మాట్లాడలేదవ్వా. పక్కింటి తాత మగ్గమే!"

"దాన్నే ఇనమంటాండా. పెండ్లాం పోయినంక ఆయప్ప ఒంటిగా ఉండాడు."

ఒక ఉదయం ప్రార్థన మధ్యలో మగ్గం చప్పుడు ఆగింది. ఎంతసేపటికీ మళ్లీ వినిపించలేదు. అవ్వ ఆమెన్ అనకుండానే లేచి పరుగెత్తింది. దేవుడికి కోపమొస్తుందని భయపడి, ఆమె బదులు నేనే ఆమెన్ చెప్పాను.

తాత మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంతలోనే ఒరిగిపోయాడు. అవ్వ ఒడిలో తల పెట్టుకుని ప్రాణం విడిచాడు.

ఇప్పుడు అవ్వ కూడా లేదు. ఫోన్ డబ్బాలో ఉంది. కళ్లు మూసుకుని వింటున్నాను. పక్క ఫ్లాట్‌లో ఎవరో దగ్గుతున్నారు. ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉందో నాకు తెలియదు.