ఐపీకి ముందు పిల్లల పేరున రాసిన కాగితం

శెనక్కాయలు ఒలిచే మిషన్ తొట్టిలోకి సగం మూట ఎత్తి పోయబోయి, పోయలేక, మూటతోపాటు పొట్టులో కూర్చుండిపోయాను. అప్పటికి నాకు ముప్పైరెండేళ్ళు. పక్కచేని రైతు వన్నూరప్ప కాయల బండి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏందప్పా, ఇంట్లో రొట్టె పెట్టలేదా?" అని నవ్వాడు.

నేనూ నవ్వాను. నవ్వుతో దగ్గు వచ్చింది. దగ్గితే నోట్లోకి వచ్చిన కఫం పొట్టు రంగులోనే ఉంది కాబట్టి ధూళి అనుకున్నాను. ఆ సాయంత్రం ఒళ్ళు వెచ్చబడింది. మరుసటి సాయంత్రం కూడా అంతే.

మాది బళ్ళారి దగ్గరి కప్పగల్లుకు రెండు మైళ్ళ దూరంలోని పల్లె. తాత కాలం నుంచి ఐదెకరాల నల్లరేగడి ఉండేది. దాని మీద వచ్చేది చాలక, బళ్ళారి షావుకారు ఒకరి దగ్గర అప్పు తీసుకుని ఆ మిషన్ పెట్టాను. చుట్టుపట్ల రైతులు కాయలు తెచ్చి నా దగ్గర వదిలేవారు. పప్పు నూనెమిల్లుకు వేసి, డబ్బు చేతికి రాగానే వాళ్ళకు ఇచ్చేవాణ్ణి. నోటిమాట తప్ప కాగితం ఉండేది కాదు. ఇంట్లో నా భార్య ఈశ్వరమ్మ, ఇద్దరు కొడుకులు. పెద్దవాడు శేఖరకు ఆరేళ్ళు, చిన్నవాడు తిప్పన్నకు మూడు.

నేను ఐదో తరగతితో బడి మానినవాణ్ణి. మిగిలిన చదువంతా బళ్ళారి లైబ్రరీలో చదువుకున్నదే. శుక్రవారం మిషన్ ఆపి, సైకిల్ మీద వెళ్ళి, తలుపులు మూసేదాకా కూర్చునేవాణ్ణి. తెలుగు పుస్తకాలు అయిపోయాక నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు పట్టాను. పేజీకి ఒక గంట పట్టేది. ఆ సంగతి ఇప్పటికీ గర్వంగానే చెబుతాను. కాని ఆ గర్వం మా ఇంటిని రెండుసార్లు దెబ్బ తీసింది. మొదటి దెబ్బ ఈ దగ్గు దగ్గరే.

మిల్లుల్లో పనిచేసేవాళ్ళకు ధూళి వల్ల దగ్గు వస్తుందని ఒక వైద్య పుస్తకంలో చదివాను. మూతికి తువ్వాలు కట్టుకుని, మిరియాల కషాయం తాగుతూ మూడు నెలలు గడిపాను. ఈశ్వరమ్మ ఊరుకోలేదు.

"దగ్గుతాండేది పుస్తకమా, నువ్వా? పా, ఆస్పత్రికి పోదాం."

ఆస్పత్రిలో తూకం వేస్తే తొంభై ఎనిమిది పౌండ్లు ఉన్నాను. ఎక్స్‌రే తీశారు. కఫం మూడు రోజులు తెచ్చి ఇమ్మన్నారు. డాక్టరు కన్నడం ఆయన, తెలుగు బాగానే వచ్చు. ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని నాకు చూపించారు.

"రైట్ అప్పర్ లోబ్. ఈ గుంత కనిపిస్తాందా? కేవిటీ అంటారు. స్పుటమ్ కూడా పాజిటివ్. టీబీ అప్పా ఇది."

నేను వంగి ఆ గుంత మీద వేలు పెట్టి చూశాను.

"భయపడే కాలం పోయింది. మందులు వచ్చినాయి. ఆదరె... కానీ ఒకటి. ఒక్క రోజు కూడా తప్పకూడదు."

"ఎన్ని రోజులు సార్?"

"రోజుల లెక్క కాదు. ఏడాదిన్నర. ఇంట్లో చిన్నపిల్లలు ఉండారా?"

"ఇద్దరు సార్."

"వాళ్ళను పక్కలో పండబెట్టుకోవద్దు. నీ చెంబు వేరే, నీ తినే తట్ట వేరే. ఇద్దరినీ ఇక్కడికి తీసుకురా, పరీక్ష చేయాల."

ప్రతి ఉదయం స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్, ఐఎన్‌హెచ్ బిళ్ళలు, వాటితోపాటు పీఏఎస్. ఆ పీఏఎస్ మింగితే కడుపులో ఏదీ నిలిచేది కాదు. పిల్లల చేతికి సూది వేసి మూడో రోజు చూశారు. చిన్నవాడికి ఏమీ లేదు, వాడికి బీసీజీ వేశారు. శేఖర చెయ్యి రూపాయి బిళ్ళంత ఎర్రగా వాచింది. క్రిమి వాడి ఒంట్లోకి చేరిందని, జబ్బు మాత్రం ఇంకా కాలేదని డాక్టరు చెప్పారు. పాలు, గుడ్లు బాగా పెట్టమన్నారు. వాడు ఆ ఎర్రటి మచ్చను వీధిలో పిల్లలందరికీ చూపించుకున్నాడు. నేను దూరంగా మంచం మీద కూర్చుని చూస్తూ ఉన్నాను.

ఊళ్ళో కడుపులో పుండు అని చెప్పాను. టీబీ అంటే మా మిషన్‌కు ఒక్కరూ కాయలు తేరు. తెచ్చినవాళ్ళు అందరూ ఒకే రోజు డబ్బు అడుగుతారు. అదీ నా భయం. కాని దాచినా ఒకటే అయింది. మిషన్ సగం రోజులు ఆగిపోయేది. మిల్లు ఇచ్చిన డబ్బులో రైతులకు పోవలసింది మందులకు, షావుకారు వడ్డీకి పోయింది. ఈశ్వరమ్మ పుట్టింటివారు పెట్టిన గాజులు అమ్మింది. షావుకారు కోర్టుకు వెళ్ళి డిక్రీ తెచ్చుకున్నాడు. కట్టకపోతే సివిల్ జైలు అని కబురు పంపాడు.

మందులు మొదలుపెట్టి అప్పటికి నాలుగో నెల. జ్వరం తగ్గింది, ఆరు పౌండ్లు పెరిగాను. నాకు నయమైపోయిందనే అనుకున్నాను. మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, దివాలా చట్టం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీశాను. నాలుగు శుక్రవారాలు చదివాను. తండ్రి దివాలా తీసినంత మాత్రాన వంశపారంపర్యపు భూమిలో కొడుకుల వాటా, అప్పులవారి కోసం కోర్టు పెట్టే రిసీవరు చేతికి పోదని అందులో ఉన్నట్టు అర్థం చేసుకుని, ఆ భాగం కాగితం మీద ఎత్తి రాసుకున్నాను. భార్య నగలు భార్యవే అని కూడా ఉంది. ఆ రెండో మాట నిజమే. అయితే అప్పటికి నగలు లేవు.

ఐపీ, అంటే దివాలా పిటిషన్, పెట్టడానికి ముందే ఆస్తి పంచినట్టు భాగపరిష్కారం రాయించాలని నిర్ణయించుకున్నాను. చేను పిల్లలకు, మిషన్, అప్పులు నాకు. పిల్లల తరఫున తల్లి సంతకం చేయాలి.

"వన్నూరప్పకు ఇయ్యాల్సింది ఇచ్చినాక రాయగూడదా?" అంది ఈశ్వరమ్మ.

"అప్పుడు రాసేదానికి చేను మిగలదు. చట్టంలో ఉండాది, నేను చదివినాను."

"ఉండనీలే. రేపు బావికాడ వాళ్ళ ఆడోళ్ళ మొగం నేనెట్ల సూడాల? అది యాడన్నా రాసిండాదా?"

స్టాంపు కాగితాలకు, రాతగాడికి, సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు పన్నెండు రోజులు తిరిగాను. ఇంజెక్షన్ వేసేది పొద్దున, ఆఫీసు తెరిచేదీ పొద్దునే. పన్నెండు ఇంజెక్షన్లు తప్పిపోయాయి. రిజిస్ట్రేషన్ అయిన నాలుగో రోజు దగ్గితే చెంబులో సగానికి రక్తం పడింది.

"ఎందుకు నిలిపినావు?" అని డాక్టరు అడిగారు. పిల్లల కోసం ఒక కాగితం పని అని చెప్పాను. ఆయన నా చీటీ మీద రాస్తూ తల ఎత్తలేదు.

"కాగితం నెల తర్వాత కూడా రాస్తారు. ఇప్పుడు మందు పని చేస్తుందో లేదో నేను చెప్పలేను. అడ్మిట్ అవ్వాల."

టీబీ రోగుల శానిటోరియంలో నన్ను చేర్చుకున్నారు. షావుకారు వారెంటు వస్తుందని తెలిసి, మా మామ ఒక వకీలును అక్కడికే పిలుచుకొచ్చాడు. ఆయన వరండాలో దూరంగా స్టూలు వేయించుకుని కూర్చుని పిటిషన్ వివరాలు రాసుకున్నారు.

"ఈ మధ్య ఆస్తి ఎవరికైనా రాసినావా?"

నేను భాగపరిష్కారం సంగతి చెప్పి, ఎత్తి రాసుకున్న ఇంగ్లీషు వాక్యాలు చదివి వినిపించాను. ఆయన పెన్ను మూత పెట్టారు.

"ఆ పుస్తకం ఎప్పుడు అచ్చయిందో చూసినావా?"

చూడలేదు. బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో లైబ్రరీ కొన్నది అని మాత్రం అట్ట లోపలి ముద్ర వల్ల తెలుసు.

"అది అచ్చయినాక చట్టం మారింది రెడ్డీ. ఇంటి కోసమో వ్యాపారం కోసమో తండ్రి చేసిన అప్పుకు కొడుకుల వాటా కూడా అమ్మే అధికారం తండ్రికి ఉంది కదా. తండ్రి దివాలా తీస్తే ఆ అధికారం ఇప్పుడు రిసీవరు చేతికి పోతుంది. పైగా నువ్వు మెడ మీద అప్పులు పెట్టుకుని రాసినావు. ఇట్లాంటి దస్తావేజు నిలబడదు."

"రాయకముందు మీ దగ్గరికి వచ్చింటే?"

"అప్పులోళ్ళను కూర్చోబెట్టి రెండెకరాలు అమ్మిస్తాంటి. మిగిలినదానికి గడువు అడుగుతాంటి. ఇప్పుడు ఎవరు ఒప్పుకుంటారు? ఐపీ పెట్టకపోతే షావుకారు నిన్ను జైల్లో వేయిస్తాడు. నీ ఊపిరితిత్తులకు జైలు పనికిరాదు. ఈడ సంతకం పెట్టు."

పెట్టాను. అప్పులవారి పేర్లన్నీ పిటిషన్‌లో రాయాలి, ఒక్కటి కూడా వదలకూడదు. ఇరవైరెండు పేర్లు చెప్పాను. షావుకారు తప్ప అందరూ మా చుట్టుపట్ల రైతులే. ఇరవైరెండు ఇళ్ళకూ కోర్టు నోటీసు వెళ్ళింది.

తర్వాత జరిగింది ఈశ్వరమ్మ చెబితే తెలిసింది. కోర్టు అమీను ఇంటికి వచ్చి, వంటపాత్రలు, బట్టలు, పరుపులు, సేద్యపు పనిముట్లు జప్తు చేయకుండా వదిలాడు. మిషన్‌కు సీలు వేశాడు. పాలిచ్చే ఎనుమును తోలుకుపోయాడు. అది దున్నే పశువు కాదు కాబట్టి వదలడానికి లేదన్నాడు. పిల్లవాడికి డాక్టరు పాలు పట్టమన్నారని ఆమె చీటీ చూపించింది. "నాకు చదివేది వచ్చమ్మా, వదిలేది నా చేతిలో లేదు," అన్నాడట. బళ్ళో వన్నూరప్ప కొడుకు శేఖరతో, "మా శెనక్కాయలు అమ్ముకోని మీరు పాలు తాగితిరి గదా," అన్నాడు. శేఖర ఇంటికి వచ్చి, "మనం వాళ్ళవి దొంగిలించినామా అమ్మా?" అని అడిగాడు. ఆమె ఆ వారం వాణ్ణి బడికి పంపలేదు.

ఒక ఆదివారం వన్నూరప్ప శానిటోరియానికి వచ్చాడు. మెట్లు ఎక్కకుండా, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని కింద నిలబడ్డాడు.

"కడుపులో పుండు అంటివే."

"అట్ల చెప్పింటినప్పా."

"టీబీ అని చెప్పింటే మిషన్ కాడికి రాకుంటిమేమో. అది నిజమే, లేదనను. కానీ బాకీకి ఒక పంట ఆగుతాంటిమి. చచ్చేటోని గొంతు మీద ఎవురు కూర్చుంటారు?" ముక్కు మీది కండువా సర్దుకున్నాడు. "నోటీసు వచ్చినాక గూడా, పోన్లే, మనిషి బతకనీ అని మేం ఆరేడుమందిమి అనుకుంటిమి. ఆమీట తెలిసె, నువ్వు చేను పిల్లోళ్ళ పేరున రాసేసినావని. మా ఇండ్లల్లో ఉండేవి పిల్లోళ్ళు గాదా రెడ్డీ?"

నాకు దగ్గు రాలేదు. వస్తే బాగుండునని అనిపించింది. అతను ఒక మూట మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. విప్పితే ఆరు కోడిగుడ్లు.

రిసీవరు నా కాగితాన్ని రద్దు చేయమని కోర్టులో వేశాడు. ఈశ్వరమ్మను బోనులో నిలబెట్టారు. నేను బల్ల మీద చివర, అందరికీ దూరంగా కూర్చున్నాను.

"ఈ చేను ఇప్పుడు మీ పిల్లలే సాగు చేస్తున్నారా?" అని రిసీవరు తరఫు వకీలు అడిగారు.

"మూడేండ్లోడు ఏం సాగు చేస్తాడు సామీ."

"మరి పంపకం ఎందుకు చేశారు?"

"అప్పులోళ్ళకు పోకుండా. ఆయప్ప రాయమన్యాడు, నేను రాసిస్తి."

ఆమె నావైపు చూడలేదు. అబద్ధం చెప్పమని నేనూ అడగలేదు. పత్రం రద్దయింది. ఐదెకరాలూ, మిషన్‌తో సహా, వేలానికి పోయాయి. ఎవరో బళ్ళారివాళ్ళు కొన్నారు. రైతులకు రూపాయికి ఆరణాలు కూడా రాలేదు. దస్తావేజు సంగతి చూపించి, అప్పుల నుంచి నన్ను పూర్తిగా విముక్తుణ్ణి చేయడానికి కోర్టు ఒక ఏడాది ఆలస్యం చేసింది. అందుకు గడువులోపల నేనే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలన్న సంగతి కూడా వకీలు చెబితేనే తెలిసింది. ఐపీ పెడితే అంతటితో అయిపోతుందని నేను అనుకున్నాను.

మందు పని చేసింది. పందొమ్మిది నెలలు పట్టింది. స్పుటమ్ మూడుసార్లు వరసగా నెగెటివ్ వచ్చాక, డాక్టరు కొత్త ఫిల్మును అదే కిటికీ దగ్గర పట్టుకుని, "మచ్చ మిగిలింది, అది పోదు. ధూళి పని మాత్రం జన్మలో చేయొద్దు," అన్నారు. కుడివైపు గట్టిగా ఊపిరి తీస్తే ఇప్పటికీ లోపల పట్టినట్టు ఉంటుంది. శేఖరకు జబ్బు రాలేదు. ఆరు నెలలకు ఒకసారి ఎక్స్‌రేకు తీసుకుపోతున్నాను.

ఇప్పుడు మేము ఎమ్మిగనూరు దగ్గర ఉన్నాం. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద వరి వేస్తున్న ఒక రైతు పొలానికి నీళ్ళు కట్టే పని నాది. ఈశ్వరమ్మ నాట్లకు, కలుపుకు పోతుంది. ఏదో ఒకనాడు ఎవరో చెబితే వినేకన్నా నయమని, చేను ఎట్లా పోయిందో పిల్లలకు నేనే చెప్పాను. శేఖర అంతా విని, "నాకు చెప్పకుండానే నా పేరున రాసినావా?" అన్నాడు. వాడికి పదకొండేళ్ళు. వన్నూరప్పకు ఏటా కొంత పంపుతున్నాను. చట్టం ప్రకారం అక్కర్లేదు. అతను వద్దనలేదు.

జబ్బుతో అప్పుల్లో పడి ఐపీ ఆలోచన చేస్తున్న చిన్నపిల్లల తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటి. ఏ కాగితమూ రాయకముందు, ఒక్క పూట కూడా మందు మానకుండా, మీరు ఎక్కువ బాకీ ఉన్న మనిషి ఇంటికి భార్యాభర్తలిద్దరూ వెళ్ళండి. జబ్బు పేరు ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఎంత అమ్మగలరో, ఎంత గడువు కావాలో అడగండి. ఆయన ఏమన్నాడో ఆ తర్వాత వకీలుకు చెప్పండి. జాలి కోసం మీ పిల్లలను మాత్రం వెంట తీసుకుపోకండి. ఆ ఇంట్లోనూ ఆ వయసు పిల్లలే ఉంటారు. వాళ్ళకు పెట్టవలసిన తిండే మీ దగ్గర ఉండిపోయింది.